పరకాల దారిలో ఇద్దరి బ్యాండు

హనుమకొండ నుంచి ములుగు రోడ్డు పట్టుకుని వెడితే గూడెప్పాడ్ దగ్గర దారి చీలుతుంది. తిన్నగా వెడితే ములుగు, రామప్ప గుడి, ఇంకా ముందుకు వెడితే మేడారం. ఎడమచేతి వైపు తిరిగితే పరకాల. టూరిస్టులందరూ తిన్నగా వెళ్ళిపోతారు. ఎడమకు తిరిగే బస్సులో పత్తి రైతులు, కాలేజీ పిల్లలు, పెళ్ళికి వెడుతున్నవాళ్ళు, చావుకి వెడుతున్నవాళ్ళు మాత్రమే వుంటారు. నేనూ ఎడమకే తిరిగాను.

"సినిమా పత్రికలో పరకాలేమిటండీ? అక్కడ స్టూడియో వుందా, అవుట్‌డోర్ షూటింగు ఏదైనా జరుగుతోందా?" అని మీరు అడగబోతున్నారని నాకు తెలుసు. రెండూ లేవు. కానీ 2023 మార్చి నెలలో ఓరుగల్లు చుట్టుపక్కల వూళ్ళ పాట రెండు రకాలుగా లోకం మీద పడింది. ఆ సంగతి చెప్పాలంటే పరకాల కంటే మంచి చోటు నాకు దొరకలేదు.

మొదటిది మీకందరికీ తెలిసిందే. ఆ నెల 12న అమెరికాలో జరిగిన ఆస్కార్ వేడుకలో 'నాటు నాటు' పాటకి బహుమతి వచ్చింది. కీరవాణి గారి పక్కన వేదిక మీద నిలబడ్డ రచయిత చంద్రబోస్ గారిది పరకాల అవతల చిట్యాల మండలంలోని చల్లగరిగె. 1995లో 'తాజ్‌మహల్' సినిమాతో మొదలుపెట్టిన పాటల బండి ఇన్నేళ్ళకి లాస్ ఏంజెలిస్‌లో ఆగింది. ఆ తర్వాత 2024లో ఆయన తన వూళ్ళో ఒక గ్రంథాలయం కట్టించి, దానికి ఆస్కార్ పేరే పెట్టుకున్నారు.

రెండోది అంతకు తొమ్మిది రోజుల ముందు, అంటే మార్చి 3న, ఏ ఆర్భాటమూ లేకుండా థియేటర్లలోకి వచ్చింది. సినిమా పేరు 'బలగం'. అందులో ఆఖరున ఒక ముసలి జంట పాడుతుంది. ఆయన మొగిలయ్య, ఆమె కొమురమ్మ. వరంగల్ జిల్లా దుగ్గొండి వాళ్ళు, బుడగజంగాల కళాకారులు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ళ గురించే.

చచ్చిపోయినవాళ్ళ పేర్లు మరిచిపోని వూరు

ముందు వూరు చూద్దాం రండి. పరకాల చిన్న పట్నం. బస్సు డిపో వుంది. పత్తి సీజన్లో దారి పొడుగునా బస్తాలు నింపుకున్న ట్రాలీలు కనిపిస్తాయి. పాతకాలపు కుంకుమేశ్వరస్వామి గుడి వుంది. వూరి దగ్గరలోనే చలివాగు. ఇప్పుడిది హనుమకొండ జిల్లాలో వుందిగానీ, నిజాం రోజుల్లో కరీంనగర్ జిల్లాలో తాలూకా కేంద్రం.

ఈ వూరికి ఒక గాయం వుంది. 1947 సెప్టెంబరు 2. దేశానికి స్వాతంత్య్రం వచ్చి పద్దెనిమిది రోజులైంది, కానీ ఇక్కడ ఇంకా నిజాం పాలనే. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం జాతీయ జెండా ఎగరేద్దామని వచ్చారు. నిజాం పోలీసులూ రజాకార్లూ వాళ్ళ మీద తుపాకులు పేల్చారు. ఇరవైమందికి పైగా చనిపోయారు. దీన్ని దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారు. అప్పట్లో కేంద్రమంత్రిగా వున్న చెన్నమనేని విద్యాసాగరరావు గారు పూనుకుని కట్టించిన అమరధామం 2003 సెప్టెంబరు 17న ప్రారంభమైంది.

అమరధామం మెట్ల మీద పల్లీలు తింటూ కూర్చున్న ఒక పెద్దాయన్ని, "అప్పటి సంగతులు మీ ఇంట్లో ఎవరైనా చెప్పేవారా?" అని అడిగాను.

"చెప్పుడు ఏంది సారూ, పాడేటోళ్ళు. మా అవ్వ నాటేసేటప్పుడు పాడేది. జెండ వట్టుకపోయినోళ్ళ పేర్లన్ని వరుసగ వచ్చేటియి" అన్నాడాయన.

"ఆ పాట మీకు వచ్చా?"

పల్లీల పొట్టు వూదేసి, "మొదలు యాదికున్నది. పేర్లు యాదికి లెవ్వు" అన్నాడు.

మన దగ్గర చావుకీ పాటకీ వున్న సంబంధం తెలియాలంటే ఈ మాట గుర్తుంచుకోండి. పాటలో మొదలు అందరికీ వస్తుంది. పేర్లు గుర్తుపెట్టుకుని పాడేవాళ్ళు కొందరే వుంటారు. అదే వాళ్ళ వృత్తి.

పదకొండో రోజు పాట

'బలగం' కథ మీకు చెప్పక్కర్లేదు, అయినా రెండు ముక్కల్లో. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిట్టకి పెడితే కాకి ముట్టదు. ఎప్పుడో నల్లి బొక్క దగ్గర మొదలైన పంతం వల్ల కూతురూ అల్లుడూ ఏళ్ళ తరబడి ఆ ఇంటి గడప తొక్కలేదు. కొడుకుల మధ్య సయోధ్య లేదు. పదకొండో రోజున కళాకారులొచ్చి ఆ కొమురయ్య బతుకునే పాటగా కట్టి పాడితే, ఇంటిల్లిపాదీ కరిగిపోతారు. దర్శకుడు వేణు యెల్దండి గారు అంతవరకూ మనకి హాస్యనటుడిగానే తెలుసు. ఆయన దర్శకత్వంలో వచ్చిన మొదటి సినిమా ఇది. సంగీతం భీమ్స్ సిసిరోలియో.

పట్నంలో పెరిగిన కుర్రాళ్ళు చాలామంది ఆ క్లైమాక్సు దర్శకుడి కల్పన అనుకున్నారు. కాదండీ! ఈ ప్రాంతంలో చావు జరిగిన ఇంటికి పాడేవాళ్ళని పిలిపించడం పాత ఆచారమే. వాళ్ళు రాగానే పాట అందుకోరు. ముందు ఇంట్లోవాళ్ళ దగ్గర కూర్చుంటారు. పోయినాయన పేరేమిటి, ఏం పని చేసేవాడు, ఎంతమంది కొడుకులు, ఎంతమంది బిడ్డలు, ఎవరంటే ప్రాణం, దేనికి కోపం వచ్చేది అని అడిగి తెలుసుకుంటారు. ట్యూను పాతదే. నడక పాతదే. పేర్లూ చుట్టరికాలూ మాత్రం ఆ ఇంటివి. తంబుర మీటుతూ ఒకరు ఎత్తుకుంటే, వాయిద్యం వాయిస్తూ రెండోవారు అందుకుంటారు. తెల్లారితే ఇంకో వూళ్ళో ఇంకో ఇంటి పాట.

ఇప్పుడు మన బ్యాండ్ల సంగతి చూడండి. సినిమాల మీద ఆధారపడకుండా సొంత పాటలు కట్టుకునే బ్యాండ్లంటే మన కుర్రకారుకి ఎంతో మోజు. హైదరాబాదులో రామ్ మిరియాల, అతని స్నేహితులు కలిసి నడిపిన చౌరస్తా బ్యాండు పాటలు హాస్టలు గదుల్లో ఎంతగా మోగాయో మీకు తెలుసు. 'నాటు నాటు' పాడిన ఇద్దరిలో ఒకడైన రాహుల్ సిప్లిగంజ్ కూడా సొంత ఆల్బమ్‌లతోనే పేరు తెచ్చుకున్నాడు. మంచిదే. కానీ సొంత బాణీ, సొంత మాట, ఏ కంపెనీ అండా లేకపోవడం, వూరూరా తిరిగి ప్రోగ్రాములివ్వడం, ఇవే బ్యాండుకి లక్షణాలైతే మొగిలయ్య, కొమురమ్మలది అసలైన బ్యాండు కాదూ? ఇద్దరే మెంబర్లు. మొగుడూ పెళ్ళాం. జీవితమంతా టూరే. లోకానికి తెలిసిన పాట మాత్రం ఒక్కటి.

తెర కట్టిన వూళ్ళు

ఆ ఒక్క పాటకి జరిగిన మర్యాద చూశారూ, ఈ మధ్యకాలంలో ఏ ఆల్బమ్‌కీ జరగలేదు. సినిమా విడుదలైన మూడు వారాలకే, మార్చి 24న, ఓటీటీలోకి వచ్చేసింది. మామూలుగా అయితే అక్కడితో కథ సరి. ఈ సినిమాకి అప్పుడే అసలు కథ మొదలైంది. తెలంగాణ పల్లెల్లో గ్రామ పంచాయతీ దగ్గర, బడి ముందర, గుడి ముందర తెరలు కట్టి వూరందరికీ వేశారు. అనుమతి లేకుండా ఇలా వేయడం మీద నిర్మాత వైపు నుంచి పోలీసులకు ఫిర్యాదు వెళ్ళిందన్న వార్త కూడా అప్పుడు పత్రికల్లో వచ్చింది. ఏళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు సినిమా చూసి కలిసిపోయారన్న వార్తలూ వచ్చాయి.

పరకాల బస్టాండు దగ్గర టీ కొట్టు ఆయన్ని ఈ మాటే అడిగాను. ఆయనది పక్కనున్న పల్లెటూరు.

"మా వూళ్ళె గూడ ఏసిండ్రు సారూ. బతుకమ్మ ఆడే కాడ తెర కట్టిండ్రు. ఎవరి సాపలు వాళ్ళే తెచ్చుకున్నరు. మా చిన్నాయిన మా బాపుతోని ఆరేండ్లు మాట్లాడలే. గా ముసలోళ్ళ పాట వచ్చినంక సూస్తె, సాప మీద మా బాపు పక్కన కూసున్నడు."

"కలిసిపోయారన్నమాట!"

"యాడ సారూ! వారం దినాలు మాట్లాడుకున్నరు. మల్ల గెట్టు పంచాయితి మొదలైంది" అని పెద్దగా నవ్వాడు. తర్వాత టీ గ్లాసు కడుగుతూ, తనలో తాను అనుకున్నట్టుగా, "అయితె మొన్న బాపు సచ్చిపోయిన్నాడు అందరికంటె ముందుగాల ఆయనే వచ్చిండు" అన్నాడు.

నేను మరో టీ అడిగాను. ఇంకేం అడగాలో తోచలేదు.

సినిమాకి వచ్చిన గౌరవాలు తక్కువేమీ కాదు. గద్దర్ పేరు మీద తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రకటించిన అవార్డుల్లో, 2023 సంవత్సరానికి ఉత్తమ చిత్రాల్లో మొదటి స్థానం 'బలగం'దే. అదే సంవత్సరానికి జాతీయ అవార్డుల్లో ఉత్తమ గీత రచయితగా కాసర్ల శ్యామ్ గారు ఎంపికయ్యారు. 'ఊరు పల్లెటూరు' పాటకి. ఆయనా ఓరుగల్లు బిడ్డే. అంతకు రెండేళ్ళ ముందు, 2021 సంవత్సరానికి, 'కొండపొలం' సినిమాకి అదే అవార్డు అందుకున్నది మన చంద్రబోస్. ఒకే ప్రాంతం నుంచి ఇద్దరు రచయితలు! ఈ మట్టిలో ఏదో వుంది అనేవాళ్ళుంటారు. మట్టిలో వుందో లేదో నాకు తెలియదుగానీ, ఈ వూళ్ళలో నాటేసినా, కోత కోసినా, పెళ్ళయినా, చావయినా పాట వుండేది. పిల్లలు వినకుండా పెరగడం కుదిరేది కాదు.

గద్దర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి'లో గొంగడి కప్పుకుని, చేతిలో కర్ర పట్టుకుని పాడిన ఆ యువకుడు గుర్తున్నాడా? వీధిలో పాడే పాట తెర మీదకి ఎక్కితే ఎట్లా వుంటుందో అప్పుడు మన ప్రేక్షకులకి తెలిసింది. నలభై ఏళ్ళు దాటాక 'బలగం'లో మళ్ళీ అదే జరిగింది. తేడా ఒక్కటే. గద్దర్ అప్పటికి యువకుడు, తర్వాత కొన్ని దశాబ్దాలు పాడాడు. మొగిలయ్యకి తెర దొరికేటప్పటికి ఆలస్యమైపోయింది.

ఆలస్యంగా వచ్చిన చప్పట్లు

పాట వూరూరా మోగుతున్న రోజుల్లోనే ఆయన కిడ్నీలు పాడై డయాలసిస్ మీద వున్నారు. తెర మీద అందరినీ ఏడిపించిన గొంతు ఆసుపత్రి మంచం మీద వుందని పత్రికల్లో వచ్చాక ప్రభుత్వమూ, సినిమా వాళ్ళూ సాయానికి ముందుకొచ్చారు. 2024 డిసెంబరు 19న వరంగల్‌లో ఆసుపత్రిలోనే కన్నుమూశారు. సినిమా వచ్చి రెండేళ్ళు కూడా నిండలేదు.

ఎందరి చావులకో పాడిన మనిషి. ఆయన చావు వార్త టీవీలో వచ్చినప్పుడు వెనకాల మోగింది ఆయన పాడిన పాటే. అందులో వున్న పేరు మాత్రం కొమురయ్యది. రికార్డింగు పాటకి వున్న చిక్కు ఇదే. ఇంటింటికీ పేరు మార్చుకుంటూ ఎన్నో ఏళ్ళు బతికిన పాట, ఒకసారి స్టూడియోకి వెళ్ళి వచ్చాక ఒకే పేరు దగ్గర ఆగిపోతుంది. కానీ స్టూడియోకి వెళ్ళకపోతే మనం వినేవాళ్ళమే కాదు. ఏది లాభం, ఏది నష్టం? మీరే చెప్పండి.

గూడెప్పాడ్ దగ్గర తిన్నగా వెడితే రామప్ప వస్తుందన్నాను కదా. ఇక్కడ ఆ గుడి సంగతి కూడా చెప్పాలి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో వారసత్వ సంపద అయింది. దాని స్తంభాల మీద నాట్యగత్తెలు, మద్దెల వాయించేవాళ్ళు ఎంతమంది వున్నారో! కాకతీయుల నాటి పేరిణి నృత్యం కాలక్రమాన మాసిపోతే, నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని రాసిన 'నృత్తరత్నావళి'నీ, ఈ శిల్పాల్నీ పట్టుకుని దాన్ని మళ్ళీ నిలబెట్టారు. రాయి భంగిమని దాచిపెట్టింది. అప్పుడు పాడినవాళ్ళ గొంతుని మాత్రం దాచలేకపోయింది. అప్పుడు టేపురికార్డరు లేదు. ఇప్పుడు ప్రతి జేబులోనూ వుంది!

ఫోనులో పద్నాలుగు నిమిషాలు

ఈ జేబు రికార్డరు కథ పరకాలలోనే ఒక కుర్రాడు చెప్పాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. పెళ్ళి బరాత్‌లలో ప్యాడ్స్ వాయిస్తాడు. వాళ్ళ తాత కూడా పాడేవాడట. మొగిలయ్యలాగే ఇంటింటికీ తిరిగి.

"తాత పాడింది ఒక్కటి గూడ రికార్డు లేదన్నా. ఫోటో ఉన్నది, పాట లేదు. అందుకనే నాయినమ్మది పట్టిన" అంటూ ఫోను తీసి వినిపించాడు. పద్నాలుగు నిమిషాల పాట. మధ్యలో కోడి కూసింది. ఎవరో తలుపు కొట్టారు. ఒకచోట ముసలమ్మ పాట ఆపి, "ఇగ జాలు బిడ్డా" అంది. మళ్ళీ తనే ఎత్తుకుంది. గొంతు సన్నగా వుంది, కానీ ఎక్కడా పట్టు తప్పలేదు.

తెలిసినవాళ్ళ స్టూడియోకి తీసుకెళ్ళాడట. ఓరుగల్లు చుట్టుపక్కల ఇప్పుడు జానపదాలు రికార్డు చేసే చిన్న స్టూడియోలకి కొదవ లేదు. యూట్యూబులో పాట పడితే లక్షల మంది చూసే రోజులివి. 2021లో వచ్చిన 'బుల్లెట్టు బండి' పాటకి ఒక పెళ్ళికూతురు డాన్సు చేస్తే రాష్ట్రమంతా ఎలా వూగిపోయిందో మీరు మరిచిపోయి వుండరు. ఆ ఆశతోనే వెళ్ళాడు. స్టూడియోవాళ్ళు విని, "పాట మంచిగున్నది, నాలుగు నిమిషాలకు కొయ్యి. బీటు పెడదాం. పేర్లన్నీ తీసెయ్యి, ఎవరికి ఎరుక వాళ్ళు?" అన్నారట.

"మరి ఏం చేశావు?"

"అవి మా తాత తోడబుట్టినోళ్ళ పేర్లన్నా. ఎట్ల తీసేస్త? తియ్యకుంటె ఎవడు ఇంటడు?"

దీనికి నేను సలహా చెప్పగల పెద్దవాణ్ణి కాదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుచేశాను. 'బలగం'లో ఆ ముసలి జంట పాడింది కూడా పేర్లే కదా! కొమురయ్య మనకి ఏమవుతాడు? ఆయన కొడుకులు మనకి ఎవరు? అయినా హాలంతా ఏడ్చింది. పాటలో పేరుంటేనే ఎవరికి వాళ్ళు తమ ఇంటి పేరు తలుచుకుంటారేమో. పేరు తీసేసిన పాటకి గెంతడం సుళువు. తర్వాత తలుచుకోవడానికే ఏమీ మిగలదు.

కుర్రాడు కాసేపు ఆలోచించి, "రెండు పెడత అన్నా. నాలుగు నిమిషాలది బీటుతోని. పద్నాలుగు నిమిషాలది కోడి కూతతోని" అన్నాడు. ఇంతవరకూ పెట్టాడో లేదోగానీ, నా ఫోనుకి మాత్రం కోడి కూత వున్నదే పంపించాడు.

మీరు వెళ్ళాలనుకుంటే...

హనుమకొండ బస్టాండు నుంచి పరకాలకి బస్సులు బాగానే వున్నాయి, గంటకి అటూ ఇటూగా ప్రయాణం. అమరధామం తప్పక చూడండి. కుంకుమేశ్వరుడి గుడిలో కాసేపు కూర్చోండి. దగ్గరలోనే ఆత్మకూరు మండలంలో అగ్రంపహాడ్ వుంది. మేడారంతో పాటే రెండేళ్ళకోసారి ఇక్కడా సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. జాతరలో మైకుల హోరు మధ్య ఎక్కడో ఓ మూల డోలో, డప్పో పట్టుకుని పాడే ముసలివాళ్ళు కనిపిస్తారు. మనవాళ్ళు అర నిమిషం వీడియో తీసుకుని ముందుకు వెళ్ళిపోతుంటారు. మీరు ఆ పని చేయకండి. పది రూపాయలో, ఇరవై రూపాయలో ఇచ్చి, ఎదురుగా చతికిలబడి, పాట పూర్తయ్యేదాకా వినండి. అయిపోయాక వాళ్ళ పేరూ, వూరూ అడగండి.

వాళ్ళు మీ పేరూ అడుగుతారు. సందేహించకుండా చెప్పండి. తర్వాతి పాటలో అది వచ్చినా రావచ్చు!